పెద్దామె చూపించిన బొటనవేలు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. కరోనా వచ్చిన ఏడాది నాకు జ్వరం తగ్గింది గానీ తల తిరగడం తగ్గలేదు. మిల్లులో నాలుగు మరమగ్గాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు అతికే పని నాది. అది పోతుందన్న భయంతో మా మిల్లు ఉన్న ఉధ్నా రైల్వే స్టేషన్‌లో కళ్లు మూసుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాను.

పక్కన మాస్కు పెట్టుకున్న ఒక పెద్దామె అడిగింది: "ఏంది బిడ్డా, కండ్లు మూసినవ్?"

"తెరిస్తే అంతా తిరుగుతున్నదమ్మా. మగ్గాల కాడ నిలవడతలేను."

"తెగిన పోగును కండ్లు మూస్కొని అతుకుతవా? చెవి లోపల మన తూకం చూసేది ఒకటుంటది. జ్వరానికి అది చెడితే, కండ్లు తెరిచి మెదడుకు మళ్ల నేర్పాలె. నాకు డాక్టర్ గిట్లనే చెప్పిండు."

ఆమె చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టింది. "గోరు మీదికెల్లి చూపు తియ్యకుండ తలను జర అటు ఇటు తిప్పు. రోజూ చెయ్యి."

ఇంట్లో గోడ పట్టుకుని రోజూ చేశాను. నెల దాటాక నాలుగు మగ్గాల మధ్య నిలబడ్డాను.

ఆమె పేరు అడగలేదు. ఇప్పటికీ మగ్గం దగ్గర గబుక్కున వెనక్కి తిరిగితే నా బొటనవేలు దానంతటదే లేస్తుంది.

మీ ఇంట్లో ప్రతి అడుగూ నిలకడగా పడాలి.