నాదే తప్పు

పంజాగుట్టలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అమీర్‌పేటలో కోర్సు చేసి కొత్తగా చేరిన నలుగురం, మాకంటే పదేళ్లు పెద్దయిన ఒకాయన కలిసి ఒక టీమ్. ఆయన్ని అన్నా అనేవాళ్లం. మేం గొంతులు పెంచి పోట్లాడుకుంటుంటే, ఆయన చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి బల్ల మీద నెమ్మదిగా కొట్టేవాడు.

"నాదే తప్పు తమ్మీ. ఇగ జర పని చూడుండ్రి" అనేవాడు.

తప్పు ఎవరిదో తేలకుండానే గొడవ ఆగిపోయేది. గొడవల్లేని టీమ్ అని మేనేజర్ గారు మెచ్చుకుంటే సిగ్గులేకుండా మురిసిపోయేవాళ్లం.

ఒకరోజు నేను రాసిన ప్రోగ్రాం వల్ల క్లయింటు డేటా సగం చెరిగిపోయింది. మేనేజర్ గారు అందరినీ నిలబెట్టి, "ఎవరి తప్పు ఇది?" అని అడిగారు. అది నాదేనని మిగతా ముగ్గురికీ తెలుసు. అలవాటుగా అందరం ఆయన వైపు చూశాం. ఆ రోజు ఆయన పెన్సిలు తీయలేదు. మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, "నాదే సార్" అన్నాడు. సాయంత్రానికల్లా ఆయన ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత ఏ పోట్లాటా ఆగలేదు. తప్పు ఒప్పుకోవడం మాలో ఎవరికీ చేతకాదు. నాలుగు నెలల్లో టీమ్‌నే ఎత్తేశారు.

ఏడాదికి ఆయన ఎర్రమంజిల్ బస్టాపులో కనిపించాడు.

"అందరు మంచిగున్నరా తమ్మీ? కొట్లాడుకుంటలేరు గదా?"

"లేదన్నా" అన్నాను. అప్పుడైనా 'నాదే తప్పు' అన్న ఆ రెండు మాటలు అనాల్సింది. బస్సొచ్చిందని చెప్పి ఎక్కేశాను. అది నేనెక్కాల్సిన బస్సు కాదు.