నూట ఇరవై ఏడు డిగ్రీల జ్వరం

మా అత్తగారు మలేషియాలో, బంటింగ్ దగ్గర రబ్బరు తోటలో పుట్టిన మనిషి. నేను విజయవాడలో పుట్టి, ఆ దేశంలోనే సైబర్‌జయలో ఉద్యోగానికొచ్చి, ఆవిడ కొడుకుని చేసుకుని ఆ ఇంట్లో పడ్డదాన్ని. ఆవిడ తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. నా తెలుగు ఆవిడకి టీవీ వార్తల్లా ఉండేదట. అయినా పోట్లాటకి మాకెప్పుడూ భాష అడ్డం రాలేదు.

ఒక ఏడు, ఉత్తరాన దూరంగా ఉన్న సుంగై పెటాని ఊళ్ళో ఆవిడ చెల్లెలికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి చాలా రోజులైనా అత్తగారు చూడ్డానికి కదల్లేదు. రోజూ ఫోన్లో ఆ చెల్లెలి చేత తిట్లు తింటే గాని కాఫీ దిగని మనిషి! ఎందుకు వెళ్ళరని అడిగితే నా కంప్యూటర్ వైపు చెయ్యి చూపించేవారు.

నేను అప్పుడే దాంట్లో కొత్త లినక్స్ సిస్టమ్ వేసి, ప్రాసెసర్ వేడి తెర మూలన కనబడేలా పెట్టుకున్నాను. అక్కడ ఎర్రగా 127 డిగ్రీలని ఉండేది. ఆఫీసు పని ఇంటి నుంచే కనక మిషను రాత్రీ పగలూ నడవాల్సిందే. అత్తగారు ఆ అంకె చూసి గుండెలు బాదుకున్నారు. మర్నాటికి కంప్యూటర్ పెట్టె మీద వేపమండ, పక్కన గిన్నెలో పసుపు నీళ్ళు. అచ్చం అమ్మవారు పోసిన పిల్లకి చేసినట్టే!

"జొరం ఒచ్చినోల్లని ఇంట్లో ఒదిలేసి ఊరెల్తారేటి? ఇల్లంటుకుంటే నీ ఆఫీసోల్లు కట్టిస్తారా? నాను ఎల్లను లా." మాట చివర 'లా' తగిలించడం అక్కడివాళ్ళకి అలవాటు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫ్యాన్ల దుమ్ము దులిపాను. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోతే గీకేసి కొత్తది రాశాను. 127. పని పెంచితే 127, ఖాళీగా కూర్చోబెడితే 127. ఒక్క డిగ్రీ కదిలితే ఒట్టు. అప్పటికి అనుమానమొచ్చి, సెన్సర్లన్నీ విడివిడిగా చూపించే కమాండ్ కొట్టాను. ప్రాసెసర్ లోపలి సెన్సరేమో బుద్ధిగా నలభై చిల్లర చెబుతోంది. ఈ 127 మదర్‌బోర్డు మీదున్న వేరే చిప్పు మాట. దాని పిన్నుల్లో ఒకదానికి తయారుచేసినవాళ్ళు అసలు సెన్సరే తగిలించలేదు. ఏమీ లేకపోయినా ఏదో ఒకటి చెప్పాలి కదా, తనకి తెలిసిన అంకెల్లో పెద్దది చెప్పేస్తోంది. మా చుట్టాల్లో ఇలాంటివాళ్ళు బోలెడుమంది. నా తెర అసలుదాన్ని వదిలేసి ఈ కోతలరాయుణ్ణి నమ్మింది.

ఆ చిప్పు మాట పట్టించుకోవద్దని సెట్టింగుల్లో ఒక్క ముక్క రాసి, అత్తగార్ని పిలిచి చూపించాను. 44.

"తర్మామీటరు ఇరగ్గొట్టేస్తే జొరం తగ్గిపోద్దేటే?" అన్నారు.

ముసలావిడ అడిగింది సబబైన ప్రశ్నే. పైకి మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు.

రాసిన ముక్క తీసేసి, ఆఫీసువాళ్ళని బతిమాలి ఆదివారమంతా మిషను ఆపి ప్లగ్గు పీకేశాను. సోమవారం పొద్దున్నే మూత తీసి, ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల్ని ఆవిడ చేతే పట్టించాను. చల్లగా ఉన్నాయి. అప్పుడు స్విచ్చేశాను. లేస్తూనే 127!

"సచ్చినోడికి కూడా ఇదే జొరం సెప్తాదేటి?"

"చెబుతుంది అత్తయ్యా. అది పచ్చి అబద్ధాలకోరు."

నవ్వుతారనుకున్నాను. ఆవిడ వేపమండ చేతిలోకి తీసుకుని కుర్చీలో కూలబడ్డారు.

"అయితే ఇంక ఎల్లాల్సిందేనా?"

నా మట్టిబుర్రకి అప్పుడు వెలిగింది.

"నా సెల్లి నోరిప్పి నన్ను తిట్టకపోతే అక్కడ నానేటి సెయ్యాల? దాని మొకం ఎలా సూడాల?" అని ఏడ్చేశారు. ఇన్నాళ్ళూ ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా నీరుగారిపోయింది నాకు. జాలేసింది.

"ఇద్దరి తరఫునా మీరే తిట్టండి అత్తయ్యా," అన్నాను.

మా ఆయన కారు తీశాడు. హైవే పొడుగునా ఆవిడ తిట్లు కూడబెట్టుకుంటూనే ఉన్నారు. తెలుగువి అయిపోతే తమిళంలో, అవీ అయిపోతే మలయ్‌లో. తీరా చెల్లెలి మంచం దగ్గరికి వెళ్ళాక ఒక్కటీ నోటికి రాలేదు. పక్కన కూర్చుని, నోరు తెరవడం, మూయడం. చివరికి, "దొంగముండా, ఇలా పడిపోయినావేటే!" అన్నారు.

చెల్లెలు ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి, అక్క నెత్తిన గట్టిగా ఒక మొట్టికాయ వేసింది.