నర్సవ్వ అత్తమ్మ నింపని గడి

నిన్న పొద్దున బండిలో పెట్రోల్ కొట్టిస్తుంటే ఫోన్ వచ్చింది. కోరుట్ల నుంచి. అత్తమ్మ పక్కింటి సత్తెమ్మ.

"నర్సవ్వ పోయింది కొడుకా. నిద్రలనే పోయింది."

వెనకాల ఎవడో హారన్ కొడుతూనే ఉన్నాడు. బండి ఎటు తిప్పాలో కూడా తోచలేదు.

నర్సవ్వ మా నాన్నకు అక్క. నాకు మేనత్త. పిల్లలు లేరు. నేనుండే జగిత్యాల నుంచి ఆమె ఇంటికి గంట కూడా పట్టదు. నేను ఆమెను చూసొచ్చి మూడు నెలలైంది.

ఇంకో మాట కూడా చెప్పేస్తా, లోపల పెట్టుకుంటే ఊపిరాడట్లేదు.

పోయిన వారం అత్తమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

ఏం అడుగుతుందో తెలుసు కదా అని ఎత్తలేదు.

ఆ ప్రశ్న మా చుట్టాలందరికీ తెలుసు. పెళ్లిలో అక్షింతలు వేసి, ఫొటోకి నిలబడి, పెళ్లికొడుకు చెవిలో అడిగేది. "నామినీ కాడ ఎవల పేరు రాసినవ్ రా?"

బిడ్డను తొట్టెలలో వేస్తుంటే, "దీని పేరు మీద ఖాతా తెరిచిండ్రా?" అనేది. దుబాయ్ పోయేవాడికి అందరూ స్వీట్లు పెడుతుంటే ఈమె ఇన్సూరెన్స్ కాగితం చూపించమనేది. యాభై దాటినవాళ్లకు వేరే పాఠం. "అంత ఊడ్చి పిల్లలకు పెట్టకు. మందుగోలీల పైసలు నీ చేతిల ఉండాలె."

మేం "నామినీ అత్త" అని పేరు పెట్టాం. మొహం మీదే అనేవాళ్లం. నవ్వేది. "దీపం ఉండంగనే ఇల్లు సక్కబెట్టుకోవాలె" అని మళ్లీ మొదలుపెట్టేది.

నా ఫస్ట్ శాలరీకి స్వీట్ బాక్స్ పట్టుకుని పోతే, అది తెరవకుండానే నా బండెక్కి కూర్చుంది. బ్యాంకుకు తీసుకెళ్లి నెలనెలా కట్టే డిపాజిట్ తెరిపించింది. అప్పటికి పెళ్లి కాలేదు. నామినీ మా అమ్మ.

ఇప్పుడు పెళ్లై పదకొండేళ్లు. అమ్మ పోయి ఆరేళ్లు. నా డిపాజిట్, ఇన్సూరెన్స్, పీఎఫ్, అన్నిట్లో ఇంకా అమ్మ పేరే. ఫోన్‌లో పది నిమిషాల పని. రేపు చేస్తా అత్తమ్మా, రేపు చేస్తా అత్తమ్మా.

ఆమెకు ఆ పట్టుదల ఎందుకో తెలియనివాళ్ల కోసం ఇది.

మామ, అంటే ఆమె భర్త, సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. అన్నల కాలం అది, అంటే నక్సలైట్ల కాలం. పక్క మగ్గం నడిపే దోస్తు ఒకడు అడవికి పోయి వాళ్లలో కలిశాడు. ఎవరి జేబులో ఎవరి పేరు దొరికితే వాళ్లింటి ముందు పోలీసు జీపు ఆగే రోజులు. మామను రెండుసార్లు స్టేషన్‌కు పిలిచారు. ఇక ఇక్కడ ఉండొద్దని దుబాయ్ వీసా తీసుకున్నాడు.

పోయేముందు ఇన్సూరెన్స్ కట్టాడు. నామినీగా పెళ్లాం పేరు రాయలేదు. వాళ్లన్న పేరు రాశాడు.

ప్రేమ లేక కాదు.

"నీ పేరు ఏ కాయితం మీద ఉండద్దు నర్సవ్వా. రేపు నా మీద ఏమన్న అయితే నీ దాక రావద్దు" అన్నాడట, రాసేసి ఇంటికొచ్చాక.

రెండో ఏడు అక్కడ లారీ కింద పడి చనిపోయాడు. పైసలు వాళ్లన్నకు వచ్చాయి. ఆయన పొలం కొనుక్కున్నాడు. అత్తమ్మ కోరుట్లకు తిరిగొచ్చి, కళ్లు కనబడినన్నాళ్లూ బీడీలు చుట్టింది.

ఒకసారి నాకు కోపమొచ్చి మామను తిట్టాను. అత్తమ్మ ఊరుకోలేదు.

"మంచికే చేసిండు రా. గని నన్ను అడగకపాయె. అడిగితే, పోలీసులు అస్తె రానీ, నా పేరే రాయి అందును."

నిన్న సాయంత్రం దహనం అయిపోయాక, డెత్ సర్టిఫికెట్‌కు కావలసిన ఆధార్ కార్డు కోసం ఆమె రేకుపెట్టె తెరిచాం. బీడీల పీఎఫ్ పైసలు వేసుకున్న డిపాజిట్ కాగితం ఉంది. దాని మడతలో నామినీ ఫామ్. అత్తమ్మ పేరు, అడ్రస్ ఎవరో నింపిచ్చారు. నామినీ గడి మాత్రం ఖాళీ.

నిజం చెప్తున్నా, నాకు ఒళ్లు మండింది. ఊరందరి వెంట పడి, తనది రాసుకోలేదా అని సత్తెమ్మ మీద అరిచాను.

సత్తెమ్మ నా వైపు చూడకుండా చెప్పింది.

"నీ పెండ్లాం స్వప్న పేరు రాద్దామనుకున్నది. వాడెట్ల రాస్తలేడు, నేనన్న రాస్త ఆ పిల్ల పేరు అన్నది. గని అడగకుంట ఎవల పేరు రాయొద్దట. మీ ఇద్దర్ని అడిగినంకనే రాస్తా అని నీకు ఫోన్ చేసుకుంట కూసున్నది."

మూడుసార్లు.

అప్పటి నుంచి ఒక చోట నిలబడలేకపోతున్నా. లేస్తా, గేటు దాకా పోతా, మళ్లీ వస్తా. ఫోన్ తీసి ఆ మిస్డ్ కాల్స్ చూస్తా. తిరిగి చేద్దామని వేలు పోతోంది, పిచ్చోడిలా.

ఇవాళ పొద్దున వంటింట్లోకి పోయి స్వప్నను అడిగా. అన్నిట్లో నీ పేరు రాయనా అని.

"గిప్పుడా అడిగేది?" అంది. చేతులు తుడుచుకుని ఆధార్ తెచ్చి నా ముందు పెట్టింది.

పది నిమిషాలు కూడా పట్టలేదు అత్తమ్మా.

కింద దండం బొమ్మలు పెట్టేవాళ్లు, అంతకుముందు మీ కాగితాలు ఒకసారి తీసి చూడండి. ఆమెకు అదే ఇష్టం.

పోయిరా అత్తమ్మా. నీ గడి ఖాళీగా ఉండిపోయింది, అది నా తప్పే. అక్కడ మామ కనబడితే గట్టిగా అడుగు, నన్నెందుకు అడగలేదని. తర్వాత ఇద్దరూ, ఏ కాగితం భయం లేకుండా, నిమ్మళంగా ఉండండి.