తోటకూర గంప

రాజాంలో విజయనగరం బస్సెక్కాను. పక్క సీట్లో ఒకావిడ ఒళ్లో తోటకూర గంప పెట్టుకుని కూర్చుంది. పురుగుమందు కొట్టకుండా తానే పండించానంది. మా అమ్మాయికి రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పి అప్పటికి వారమైంది. ఆ కంగారులో గంప మొత్తం కొనేద్దామనుకున్నాను.

"అప్పా, మామూలు ఆకుకన్నా దీన్లో బలం ఎక్కువే కదా?" అని అడిగాను.

ఔనంటే చాలు, గంప అక్కడే ఖాళీ అయ్యేది.

"అలగని నాను సెప్పనేనమ్మా. బలం రెండిట్లోనూ ఒకలాగే ఉంటాదేమో, నాకేటి తెలుసు? ఏ ఆకైనా కడిగి, తాజాగా వండి పెట్టు. డాకటరిచ్చిన మాత్రలు మాత్రం మానకు."

"మరి పురుగుమందు లేకుండా పండించే ఈ కష్టం నీకెందుకప్పా?"

ఆమె కిటికీలోంచి వరిచేల వైపు చూసింది.

"మా ఆయన పురుగుమందు కొడతా సేలోనే పడిపోనాడు. నెల్లాళ్లు ఆసుపత్రిలో ఉండి బతికినాడు. ఆ మందు డబ్బా మరి గట్టు దాటి రానీనేదు."

తినేవాళ్ల గురించే తప్ప, పండించేవాళ్ల ఒంటి గురించి నేనెన్నడూ ఆలోచించలేదు. గంప మొత్తం ఇమ్మని చేయి చాపాను.

"అంత ఏటి సేసుకుంటావు, వాడిపోతాది," అని ఆమె రెండు కట్టలే నా చేతిలో పెట్టింది.