ముందే పంచిన బొబ్బట్లు

మేడ్చల్‌లోని మా ఫ్లాట్‌లో ఈ ఉదయం టేబుల్ దగ్గర ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మూడేళ్ల మా పాప. టేబుల్ మీద ఉన్నవి: సగం తాగిన రెండు టీ గ్లాసులు, పాప ఎడమకాలి చెప్పు, ఎదురు ఫ్లాట్ నుంచి వచ్చిన స్టీలు డబ్బా. డబ్బా తెచ్చిన ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "మా బుడ్డోడు నడుస్తున్నడండీ, నిన్నటి సంది ఆగుతనే లేడు," అని చెప్పి వెళ్లిపోయారు. మూత తీస్తే అరిసెలు. నా భార్య ఒకటి తుంచి పాప చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా గ్లాసులు తీసుకొని వంటింట్లోకి వెళ్లింది. పక్కవాళ్ల బిడ్డ నడిచాడంటే సంతోషించాలని నాకు తెలుసు. అది నాకు రావడానికి కొంచెం సమయం పడుతుంది, పాత గీజర్‌లో వేడినీళ్లలాగా.

మా అత్తగారిది గోదావరి వైపు. చాలా ఏళ్లుగా కొంపల్లిలో ఉంటున్నారు. ఆవిడ లెక్కలో పసిపిల్లల ఎదుగుదలంతా పిండివంటల్లో ఉంటుంది. బిడ్డ మొదటిసారి నవ్విన రోజు నువ్వుండలు చేయాలి. బోర్లా పడిన రోజు బొబ్బట్లు, అడుగులు వేసిన రోజు అరిసెలు. చేసి ఇంట్లో తింటే సరిపోదు, చుట్టుపక్కల పంచాలి. నేను ఒక ఫ్యాక్టరీలో కొలత పరికరాలను సరిచూసే పని చేస్తాను. ఆ కంటితో చూస్తే ఇది మంచి పద్ధతే. ఒక దశ, ఒక వంట, ఒక ప్రకటన. లోపం ఒక్కటే: ఏ ఇంటి నుంచైనా వంట బయటికి రాకపోతే అదీ ప్రకటనే.

మా పాప ఆరు వారాలు ముందే పుట్టింది. ఆస్పత్రిలో గాజుపెట్టెలోంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మాకు రెండు వయసులు చెప్పారు. పుట్టిన రోజు నుంచి ఒకటి, పుట్టాల్సిన రోజు నుంచి ఇంకొకటి. ఎదుగుదలను రెండోదానితో చూడాలని, దాన్ని సవరించిన వయసు అంటారని వివరించారు. నాకు వెంటనే అర్థమైంది. మా ఫ్యాక్టరీలో ఒక త్రాసు రెండు గ్రాములు ఎక్కువ చూపిస్తే ఆ రెండు గ్రాములు తీసేసి రాసుకుంటాం, ఎవరూ బాధపడరు. అత్తగారికి మాత్రం మింగుడుపడలేదు. "వయసులో సవరణలేంటి బాబూ, ఇదేమన్నా కరెంటు బిల్లా?" అన్నారు.

పురిటి తర్వాత నా భార్య, పాప కొంపల్లిలో అత్తగారి దగ్గరే ఉన్నారు. అదే అంతస్తులో, అదే నెలలో పుట్టిన ఇంకో పాప ఉండేది. నాలుగో నెలలో వాళ్లింటి నుంచి బొబ్బట్లు వచ్చాయి. అప్పటి నుంచి లిఫ్టులో కలిసిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "మీ బొబ్బట్లు ఎప్పుడండీ?" నవ్వుతూనే అడిగేవారు, అత్తగారు నవ్వుతూనే ఏదో చెప్పేవారు. ఐదో నెల నుంచి ఆవిడ లిఫ్టు మానేసి మెట్లు దిగడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, నాలుగో అంతస్తు.

పాప అప్పట్లో చేసే పనులు: ఫ్యాను వైపు చూడటం, ఎర్ర తువ్వాలు కదిలిస్తే కళ్లు తిప్పడం, వాళ్లమ్మ గొంతు వినపడితే ఆడించే కాళ్లు టక్కున ఆపేయడం. వెల్లకిలా పడుకోబెడితే ఎంతసేపైనా అలాగే ఉండేది. తొమ్మిదో నెల నిండేలోగా బోర్లా పడకపోతే మెదడు స్కాన్ తీయిద్దామని డాక్టరమ్మ అన్నారు. ఆ మాట తర్వాత రెండిళ్లలోనూ టీవీ పెట్టినట్టు గుర్తులేదు. నేను డ్యూటీకి వెళ్లేవాణ్ణి, వచ్చేవాణ్ణి, అన్నం తినేవాణ్ణి. భయపడ్డానా అని ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పలేను. పన్నుకి మత్తు సూది వేశాక దవడను తాకితే తాకినట్టు తెలుస్తుంది, అంతకుమించి ఏమీ ఉండదు. అలా ఉండేది.

ఆరో నెలలో ఒక మధ్యాహ్నం అత్తగారు ఫోన్ చేశారు. "బోర్లా పడింది బాబూ! నా కళ్లతో నేను చూశాను!" సాయంత్రం నేను వెళ్లేసరికి వంటిల్లంతా ఉడికిన శనగపప్పు, బెల్లం, యాలకుల వాసన. అన్ని అంతస్తుల్లోనూ పంచేశారు, అదీ లిఫ్టులో వెళ్లి. శామీర్‌పేట నుంచి మా అమ్మ కూడా బస్సెక్కి వచ్చింది.

"వీటిని మేం పోలెలంటం వదినా," అంది అమ్మ ఒకటి తుంచుతూ. "మా దిక్కు పిల్ల బొర్లవడితే ఇంట్లోల్లకే ఎరుక. వాడంత డప్పు గొట్టం."

"డప్పు కాదు వదినగారూ, నెయ్యి. ఇంకోటి వేసుకోండి," అన్నారు అత్తగారు.

అమ్మ ఇంకో రెండు వేసుకుంది. తర్వాత అందరం మంచం చుట్టూ చేరి పాపను చూశాం. పాప ఫ్యానును చూసింది. ఆ రోజు తిరగలేదు. మర్నాడు తిరగలేదు. ఏడో నెల, ఎనిమిదో నెల గడిచాయి. అత్తగారు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

తొమ్మిదో నెలలో ఒక ఆదివారం పాపను శామీర్‌పేటలో అమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. నా భార్య స్నానానికి వెళ్లింది. ముందుగదిలో గచ్చు మీద చాప, చాప మీద పాప, పక్కన బియ్యంలో రాళ్లేరుతూ అమ్మ. పాప ఎడమకాలు ఎత్తి కుడికాలి మీదికి వేసింది. నడుము తిరిగింది. చెయ్యి కిందే ఇరుక్కుపోయింది. కాసేపు గింజుకొని దాన్ని లాక్కొని, తల ఎత్తి, మూరెడు దూరంలో ఉన్న గచ్చును కొత్త వస్తువులా చూసింది.

"సూశినవా? గిదిరా బొర్లవడుడంటే," అంది అమ్మ చేట పక్కన పెట్టి. "మీ అత్త సూశింది పరుపు మీద దొర్లుడు."

నేను ఫోన్ తీశాను.

"ఎవలికి జేస్తున్నవ్?"

"అత్తమ్మకే."

"వద్దు బిడ్డా. పాపం, గంతమందికి పంచింది. ఇప్పుడు గిదే మొదలంటే ఆమె మొఖం యాడ వెట్టుకుంటది? డాక్టరమ్మకు జెప్పు. మీ అత్తకు జెప్పకు."

ఇది నడిచేదే. కాకపోతే ఆ వారం ఆస్పత్రికి తానూ వస్తానని అత్తగారు పట్టుబట్టారు. గదిలో డాక్టరమ్మ, నా భార్య, నేను, పాపను ఒళ్లో పెట్టుకొని అత్తగారు. "బోర్లా ఎప్పుడు పడింది?" అని డాక్టరమ్మ అడిగారు. అత్తగారు ఏదో చెప్పబోయి ఆగారు. ఆరో నెల అంటే డాక్టరమ్మ ఊరుకుంటారు, పాప కాళ్లు మళ్లీ చూడరు. అత్తగారి పరువూ నిలుస్తుంది. నేను డాక్టరమ్మ బల్ల మీది పేపర్‌వెయిట్‌ను చూస్తూ, "పోయిన ఆదివారమండీ," అన్నాను.

"అంతకుముందు ఒక్కసారి కూడా లేదా?"

"లేదండీ."

పాప వీపు నిమురుతున్న అత్తగారి చెయ్యి ఆగింది. డాక్టరమ్మ పాపను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు మడిచి చూశారు. కుడికాలు కొంచెం బిగుతుగా ఉందన్నారు. స్కాన్ ఇప్పుడే వద్దు, వ్యాయామం మాత్రం వెంటనే మొదలుపెట్టాలన్నారు.

కారులో అత్తగారే మొదలుపెట్టారు. "ఆ రోజు పరుపు వాలింది బాబూ. అంచున కూర్చున్నది నేనే. అన్నీ పంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. అప్పటికి అందరూ తినేశారు." కొంచెం దూరం పోయాక, "ఆదివారం వదినగారు చూశారా?" అని అడిగారు.

"చూసింది."

"ఏమన్నారు?"

"మీకు చెప్పొద్దంది."

ఆవిడ ఇంటి దగ్గర కారు దిగుతూ, "వదినగారికి రేపు కందిపొడి కొట్టి పంపిస్తాను," అన్నారు.

అరిసెల దగ్గర మాత్రం ఆవిడ తొందరపడలేదు. పాప సోఫా పట్టుకొని నిలబడింది, బియ్యం నానలేదు. రెండడుగులు వేసి కూలబడింది, అప్పుడూ నానలేదు. లిఫ్టులో అడిగినవాళ్లకు "ఇంకా లేదండీ" అని నిమ్మళంగా చెప్పేవారు. చివరికి పాప హాల్లోంచి వంటింటి దాకా దేన్నీ పట్టుకోకుండా నడిచిన రోజున కూడా, బియ్యం నానబోసే ముందు శామీర్‌పేటకు ఫోన్ చేసి అమ్మను పిలిపించారు. అమ్మ వచ్చి గోడకానుకొని కూర్చొని, పాప వెళ్లి తిరిగి వచ్చేదాకా చూసి, "నడుస్తాంది వదినా, ఇగ నానవొయ్యి," అంది.

కాలం అందరికీ ఒకే వేగంతో పోతుందని చదువుకున్నాను. మా ఇంట్లో దానికి ఒక సవరణ ఉంది. ఆ రోజుకి పాప వయసు పందొమ్మిది నెలలు. సవరించినది, పదిహేడున్నర.