నూకాలమ్మ సైడ్ స్టాండు

1983 వేసవి. విశాఖపట్నం వన్ టౌన్‌లో, ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్లున్న ఒక ఇరుకు సందులో నా మోటార్‌సైకిల్ షెడ్డు ఉండేది. మాది తూర్పు గోదావరి. పోర్టులో పని చేసే మేనమామ వెంట ఉద్యోగానికని వచ్చి, ఉద్యోగం దొరక్క స్పానర్ పట్టుకున్నవాణ్ణి. ఆ సందులో పగలంతా ఉల్లి వాసన, దాని మీద నా షెడ్డు పెట్రోలు వాసన. మా ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయేది.

పెద్ద పెద్ద ఇంజన్లు విప్పి బిగించాను. ఆ గొప్పలు చెప్పుకోమంటే సాయంత్రం దాకా చెప్పుకుంటాను. కానీ నాకు బాగా గుర్తుండిపోయిన కేసు ఇంజనుది కాదు, ఒక సైడ్ స్టాండుది. బండిని ఎడమ పక్కకు వాల్చి నిలబెట్టే ఒంటి కాలు అది. దానికీ ఒక కేసేమిటని నవ్వకండి.

ఎల్లాజీ అని చేపల రేవు దగ్గర ఉండేవాడు. ఎముకలూ మీసాలూ తప్ప ఒంట్లో ఏమీ లేని మనిషి. వేటకి వెళ్లి వల లాగుతుండగా భుజం పట్టేసి, సముద్రం మానేశాడు. ఎవరి దగ్గరో కొన్న ఒక పాత 350 సి.సి. బండి ఉండేది. తెల్లారేసరికి రేవులో చేపలు తీసుకుని, గంపను వెనక క్యారియర్‌కు కట్టి, భార్య నూకాలమ్మను ఎక్కించుకుని పెందుర్తి దాకా వెళ్లేవాడు. అంతకుముందు ఆవిడ గంపతో సిటీ బస్సెక్కేది. వాసనని కండక్టర్లు గోల పెట్టేవారు. బండి వచ్చాక ఆ బాధ తీరింది.

చేపల రేవు వాళ్లలో ఒక పద్ధతి ఉంది. చేప ఒడ్డుకు చేరేదాకా మగవాడి పని. ఒడ్డు దాటిందంటే గంప ఆడదాని చేతికి వెళుతుంది. ధర చెప్పేది, బేరం తెగ్గొట్టేది, డబ్బు రొంటిన దోపేది ఆవిడే. మగవాడు గంప ముందు కూర్చుని చేపలమ్మితే తోటివాళ్లు నవ్వుతారు. ఎల్లాజీ బండి నడుపుతున్నందుకే 'నూకాలు డ్రైవరు' అని పేరు పెట్టారు. అందుకని బండి దిగగానే అతను దూరంగా పోయి బీడీ కాల్చుకునేవాడు.

నూకాలమ్మ భారీ మనిషి. గంప మోసి మోసి మోకాళ్లు అరిగిపోయాయి. కింద గొంతుక్కూర్చుంటే లేవలేదు, ఎక్కువసేపు నిలబడలేదు. కాబట్టి సైడ్ స్టాండు వేసిన బండి మీదే, ఎడమ పక్కకు కాళ్లు వేలాడేసుకుని కూర్చుని అమ్మేది. పక్కనే క్యారియర్ మీద గంప. ఆ బండి ఆవిడకి వాహనం కాదు, కొట్టు.

మొదట స్టాండు వంగిందని వచ్చారు. సాపు చేసి పంపాను. మళ్లీ వంగింది. మందపు రాడ్డు వేశాను. ఈసారి రాడ్డు వంగలేదు గాని లగ్గు ఊడింది. లగ్గు అంటే ఫ్రేముకు వెల్డింగు చేసిన చెవి లాంటి ఇనపముక్క. స్టాండు ఒక బోల్టుతో దానికే వేలాడుతుంది. పెందుర్తి రోడ్డు మీద బండి, గంప, నూకాలమ్మ ముగ్గురూ కలిసే పడ్డారు. అదృష్టం కొద్దీ ఆవిడకు మోచెయ్యి చీరుకుపోయి ఊరుకుంది.

మర్నాడు ఎల్లాజీ ఒక్కడే బండి తోసుకుని వచ్చాడు. అటూ ఇటూ చూసి నా పక్కన కూర్చున్నాడు.

"బావా, ఓ మాట. ఈ స్టాండు ఇంక ఆగదని సెప్పీయ్."

"ఎవరికి?"

"ఇంకెవలికి? నాను సెప్తే ఇంటాదేటి? మేస్త్రీవి, నువ్వు సెప్తే ఇంటాది. సేపలు రేవులోనే పెద్ద షావుకారుకి ఇచ్చీసి ఇంటికాడ కూకోమంటన్నాను. ఆ బండి మీంచి అది పడిపోతంటే సూసేను బావా. నా గుండె అక్కడే ఆగిపోనాది."

అంత మీసాలున్న మనిషి కళ్లు తుడుచుకుంటుంటే టీ తెప్పించాను.

అతను అటు వెళ్లాడో లేదో నూకాలమ్మ ఇటు నుంచి దిగింది. మోచేతికి పసుపు పట్టు. భర్త నన్ను బావ అంటాడు గనక ఆవిడ లెక్క ప్రకారం నేను అన్నయ్యను.

"అన్నియ్యా, మావోడు నీకేటి సెప్పేడో నాకు తెల్సు. నువ్వు మాత్రం ఆగుతాదనే సెప్పాల. ఎంత లావు ఇనుము కావాలో అంత లావుది ఎయ్యి. గంప ఇడిసీసి ఇంటికాడ కూకుంటే నానేటి సేత్తాను? గోడలతో బేరమాడమంటావా? పెందుర్తిలో నా కోసం ఎంతమంది సూత్తంటారో నీకు తెల్దు. ఆ షావుకారుకి సేపలు తెల్సును గాని మనుసులు తెల్దు."

మొగుడు ఆగదని చెప్పమంటాడు, పెళ్లాం ఆగుతుందని చెప్పమంటుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నాకు కోపం వచ్చి, "మీ ఇద్దరి కోసం నేను చెప్పను, ఇనుమే చెబుతుంది. రేపు ఇద్దరూ రండి" అన్నాను.

లగ్గు కొత్తది వెల్డింగు చేయించి, మర్నాడు బండిని షెడ్డు ముందు సైడ్ స్టాండు మీద నిలబెట్టాను. ఎదురు కొట్టు శెట్టిగారిని ఉల్లిపాయల మూటలు అడిగాను. నూకాలమ్మ బరువుకి సరిపడా ఎన్ని కావాలో తేల్చడం దగ్గర చిన్న గొడవైంది. శెట్టిగారు ఆవిడను ఎగాదిగా చూసి రెండు మూటలన్నారు.

"రెండా? ఓలమ్మో, నాను మనిసినా, లారీనా?" అని నడుం మీద చేతులేసుకుంది. సందంతా నవ్వింది. చివరికి రెండే ఎక్కించాం, ఒకటి సీటు మీద, ఒకటి క్యారియర్ మీద గంప బదులు. బండి కొంచెం కుంగి నిలబడింది. వేడి ఎండలో చాలాసేపు అలాగే ఉంచాం. స్టాండు వంగలేదు, లగ్గు కదల్లేదు.

"సూసేవా!" అంది నూకాలమ్మ మొగుడితో. ఎల్లాజీ నా వంక నమ్మకద్రోహిని చూసినట్టు చూశాడు.

నాకూ ఆశ్చర్యంగానే ఉంది. మామూలుగా సైడ్ స్టాండు వేసినప్పుడు బరువులో చాలా భాగం రెండు చక్రాలే మోస్తాయి. స్టాండు వాటాకు వచ్చేది కొంచెమే. మూటలతో కూడా అది తట్టుకుంది. మరి మనిషితో ఎందుకు తట్టుకోలేదు? మూటలు దింపించి నూకాలమ్మనే ఎక్కించాను. ఎడమ పక్క నేను, ఎల్లాజీ కాసుకుని నిలబడ్డాం. ఒళ్లో ఒక ఉల్లిపాయల తట్ట పెట్టి, "ఇవే చేపలనుకో, అమ్ము" అన్నాను. కొనడానికి శెట్టిగారి భార్యను పిలిచాం.

శెట్టెమ్మగారు బేరానికి పుట్టిన మనిషి. "ఇవేం చేపలు, కళ్లు తేలేశాయి" అంది. నూకాలమ్మ తను ఎక్కడ కూర్చుందో మర్చిపోయింది. "ఏటమ్మా, కళ్లు తేలీసేయా? సరిగ్గా సూడు! మొప్ప ఎత్తి సూడు! ఎర్రగా లేదేటి?" అంటూ ఉల్లిపాయను ఆవిడ ముక్కు దాకా చాపి, ఎడమకు వంగి, తొడ చరిచింది. స్టాండు అడుగు ఎండకు మెత్తబడ్డ తారులోకి దిగబడింది. లగ్గు కిర్రుమంది. బండి మా మీదకు వచ్చేసింది. నేనూ ఎల్లాజీ భుజాలొడ్డి ఆపాం.

నూకాలమ్మను దింపాక వంగి లగ్గు చూశాను, సంగతి అర్థమైంది. మూట కదలదు, బేరమాడదు, ఎవరి మీదా కోప్పడదు. పెట్టినచోట పడి ఉంటుంది. మనిషి ముందుకు వంగిన కొద్దీ చక్రాల మీదున్న బరువు ఆ ఒంటి కాలి మీదికి జారుతుంది. అదే చెప్పాను. "ఎంత లావు రాడ్డు వేసినా ఇంతే చెల్లెమ్మా. రాడ్డు ఆగితే లగ్గు పోతుంది, లగ్గు ఆగితే ఫ్రేము చీలుతుంది. సైడ్ స్టాండు వట్టి బండి కోసం చేసింది. మనిషి కూర్చోడానికి కాదు."

ఆవిడ గుమ్మంలో కూలబడిపోయింది. కూర్చుంటే లేవలేనని తెలిసి కూడా కూర్చుంది. "అయితే నా గంప అయిపోనట్టేనా?" అంది. ఎల్లాజీ కోరుకున్న మాట అదే కదా. కానీ అతని ముఖం ఆవిడ ముఖం కంటే చిన్నదైపోయింది. "బావా," అన్నాడు మెల్లగా, "ఇంకో దారి లేదేటి?"

దారి సెంటర్ స్టాండు. బండి నడుము కింద రెండు కాళ్లతో, వెనక చక్రాన్ని నేల నుంచి లేపి నిటారుగా నిలబెడుతుంది. ఆ బండిది ఎప్పుడో ఊడిపోయింది. ఉన్నా లాభం లేదు, గంపతో ఉన్న బండిని దాని మీదికి లాగాలంటే ఎల్లాజీ భుజం ఒప్పుకోదు. రెండు రోజులు ఆ బండి చుట్టూ ప్రదక్షిణాలు చేశాను. పాత సామాన్ల కొట్టులో ఒక సెంటర్ స్టాండు దొరికింది. దాని కాళ్లు వెడల్పు చేసి, కింద పలకలు అతికాను. ఎక్కడానికి ఒక మెట్టు పెట్టాను. కాలితో తొక్కే లీవరు మాత్రం బాగా పొడుగు చేశాను.

"ఎల్లాజీ, నువ్వు హ్యాండిల్ పట్టుకో చాలు. చెల్లెమ్మా, కాస్త బాగున్న కాలితో దీని మీద నిలబడు."

నూకాలమ్మ లీవరు మీద కాలేసి బరువంతా ఆన్చింది. గంపతో సహా బండి ఠక్కుమని లేచి నిలబడింది. శెట్టిగారి కొట్లో హమాలీలు ఈలలేశారు.

"ఓలమ్మో! నాను ఎత్తీసేనేటి?" అని నోరు నొక్కుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "సూడు, ఇంటికాడ కూకోబెడతానన్నావు. నాను లేపోతే బండే లేవదు" అంది. ఎల్లాజీ ముసిముసిగా నవ్వుకున్నాడు.

వానలు వెలిశాక ఒక రోజు పెందుర్తిలో పని పడింది. కొత్త కాలనీ మొదట్లో ఆడవాళ్లు మూగి ఉన్నారు. మధ్యలో ఎత్తుగా మా చెల్లెమ్మ. ఎవరో మా గోదావరి ఆవిడే కాబోలు పులస ఏదని అడుగుతోంది. "పులస కావాలంటే మీ గోదారికి పో. ఇవి సముద్రం కానాగంతలు, ఉప్పు తిన్న సేపలు" అని నూకాలమ్మ గద్దిస్తోంది. నా స్టాండు రాయిలా నిలబడి ఉంది. నాకు గర్వంగా అనిపించింది.

దగ్గరికెళ్తే ఎల్లాజీ కనిపించాడు. బీడీ కాల్చుకోవడానికి దూరంగా పోలేదు. అంతమంది ఆడవాళ్ల మధ్య బండికి ఎడమ పక్క, సీటుకు నడుము ఆన్చి నిలబడి ఉన్నాడు. ముఖం మాత్రం రోడ్డు వైపు తిప్పుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా నటిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, నా స్టాండు మీద నమ్మకం లేదా?"

"అబ్బే, స్టాండు బాగానే ఉన్నాది బావా. ఊరికే నిలబడ్డాను" అని సిగ్గుపడి టీ కొట్టు వైపు నడిచాడు.

నూకాలమ్మ కత్తి పక్కన పెట్టి, నా వైపు వంగి గొంతు తగ్గించింది. "ఆడినలగ అనకన్నియ్యా. స్టాండు ఆగుతాదని నాకు తెల్సు. నానే కూసింత ఆడి మీదికి ఒరుగుతాను. లేపోతే ఆడికి దిగులు."

అప్పటి నుంచి ఎవరు అడిగినా సైడ్ స్టాండు మీద మనిషి ఎక్కకూడదనే చెబుతున్నాను. ఆ మాట మార్చను. కానీ బరువు మోయడానికి ఇనుము ఉన్నంత మాత్రాన, మోయాలనుకునే మనిషిని పక్కకు తొలగమనకూడదని నాకు ఆ రోజు తెలిసింది.

వెంటనే టీ కొట్టు దాకా వెళ్లి ఎల్లాజీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. "నువ్వెందుకు కదిలావయ్యా? ఈ స్టాండుకి ఎడమ పక్క ఓ మనిషి ఉండి తీరాలి. చెప్పడం మర్చిపోయాను" అన్నాను.

నా వృత్తిలో తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే. ఎల్లాజీ ఆ మాట అందరికీ వినిపించిందో లేదో చుట్టూ చూసుకుని, మళ్లీ వెళ్లి నడుము ఆన్చి నిలబడ్డాడు. ఈసారి ముఖం రోడ్డు వైపు తిప్పుకోలేదు.