పురుగుల ఇంట్లో మల్లెపూలు

ఆ రోజుల్లో హిందూపురంలో ఎవరూ ఎండకు కమిలిన ముఖంతో బతకాల్సిన అవసరం ఉండేది కాదు, మా షాపుకొచ్చి ఒక ఫ్లెక్సీ వేయించుకుంటే చాలు. పుట్టినరోజు పిల్లవాడైనా, వార్డు నాయకుడైనా, పైకి పోయిన పెద్దాయనైనా నా చేతిలో ఒక పావుగంట పడితే మచ్చలు పోయేవి, ముడతలు పోయేవి, మెడలో పూలదండ పడేది, వెనకాల నీలాకాశం, దాంట్లో రెండు తెల్ల పావురాలు వచ్చి చేరేవి. (పావురాలు ఉచితం. ఆ సంగతి మా ఓనరన్న ప్రతి గిరాకీకీ మరీ మరీ చెప్పేవాడు.) నాకప్పుడు ఇరవై రెండేళ్లు. రొద్దం దగ్గర మా పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా ఊరందరినీ అందగాళ్లను చేసి, మళ్లీ బస్సెక్కి పోయేదాన్ని. నేను బాగుచేయలేని ముఖం ఈ భూమ్మీద లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

నిజానికి నా మనసు ఫ్లెక్సీల మీద లేదు, కదిలే బొమ్మల మీద ఉండేది. షాపులో పని లేని మధ్యాహ్నాలు, ఇంట్లో ఆదివారాలు, ఏడాదిన్నర పాటు గీసి గీసి నాలుగు నిమిషాల బొమ్మల సినిమా ఒకటి తయారుచేశాను. కథ కోసం ఎక్కడికో పోలేదు, మా ఇంటి కథే. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. రెండెకరాల మల్బరీ తోట, దాని పక్కన పురుగుల షెడ్డు, ఆ షెడ్డుకు మహారాణి మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ. లోపల పురుగులు మేస్తూ ఉంటే వాన పడుతున్నట్టు ఉండేది, ఆ చప్పుడు వింటూ నిద్రపోయే ఆరేళ్ల పిల్ల నా సినిమాలో కథానాయకి. (పోలికలు ఎవరివో చెప్పనక్కర్లేదు. కాకపోతే సినిమాలోని పిల్లకు ముక్కు కొంచెం బాగా కుదిరింది.) వెనకాల వినిపించే గొంతు అవ్వది. పురుగు గుడ్డులోంచి వచ్చిన నాటి నుంచి గూడు కట్టే దాకా ఏమేం జరుగుతుందో ఆమె చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకున్నాను. ధర్మవరంలో ఒక కాలేజీ వాళ్లు చిన్న సినిమాల పోటీ పెడుతున్నారని, బాగా తీసినవాళ్లకు బెంగళూరులో యానిమేషన్ నేర్పించి పనిలో పెట్టుకుంటారని తెలిసింది. పంపడానికి ఇంకా పది రోజుల గడువుంది. పావురాల నుంచి నాకు విముక్తి దొరకాలంటే అదొక్కటే దారి.

అవ్వ గురించి ఇంకొంచెం చెప్పాలి. పట్టుపురుగు మహా సున్నితం, దానికి వాసనలు పడవు. అందుకని షెడ్డులో పంట ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పౌడరు లేదు, అగరొత్తి లేదు, గాలి అటువైపు వీస్తుంటే పోపు కూడా లేదు. తాత బీడీ తాగాలంటే తోట దాటి రోడ్డు దాకా నడవాలి. కాళ్లు కడుక్కుని, గడప దగ్గర చల్లిన సున్నంలో అడుగుపెట్టి లోపలికి పోవాలి. చుట్టుపక్కల ఎవరి షెడ్డులో పురుగులు మేత మానేసినా అవ్వకు కబురొచ్చేది. ఆమె పోయి, గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి గాలి పీల్చి, "కొబ్బరినూని ఎవురు పూసుకోనొచ్చినారు?" అని అడిగితే ఎవరో ఒకరు తలొంచుకునేవారు. ఆమె చేతి కింద ఒక్క పంటా పోలేదని పేరు. ఆ పేరు ఆమెకు మెడలో గొలుసు కంటే ఎక్కువ.

సినిమా పంపే ముందు ఊళ్లో వాళ్లకు చూపిద్దామని నాయన సరదాపడ్డాడు. అప్పుడే ఒక పంట మార్కెట్టుకు పోయి షెడ్డు ఖాళీగా ఉంది. కడిగి, సున్నం కొట్టి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉంచారు. మా ఊరి మొత్తంలో అంత తెల్లని గోడ, మిట్టమధ్యాహ్నం అంత చీకటి ఇంకెక్కడా దొరకవు. చర్చి పాస్టరు గారిని అడిగి ప్రొజెక్టరు తెచ్చాము. వచ్చినవాళ్లందరూ అలవాటు కొద్దీ కాళ్లు కడుక్కుని, సున్నం తొక్కి వచ్చి కూర్చున్నారు. సినిమా మొదలైంది. మేత చప్పుడు వినబడగానే ముందు వరసలో ఒక పిన్నమ్మ, "ఇవి నాలుగో జ్వరం లేసిన పురుగులబ్బా, మేత జూడు ఎట్లుండాదో!" అంది. (పురుగు మేత మానేసి చర్మం విడిచే రోజుల్ని మా వైపు జ్వరం అంటారు.) చప్పుడు విని వయసు చెప్పేసింది! నాకు ఒళ్లు పులకరించింది. నా అంత గొప్పది ఆ మండలంలోనే లేదనుకున్నాను. ఆ అనుకోవడం ఒక నిమిషం పాటు సాగింది.

రెండో నిమిషంలో అవ్వ గోడ మీదికొచ్చింది. ముడతలు లేవు, బుగ్గలు గులాబీ రంగు, కొప్పు చుట్టూ మూరెడు మల్లెపూలు. ఫ్లెక్సీ షాపు చెయ్యి కదా, తనంతట తానే అందం చేసేసింది. అందరూ గోడ వైపు, అవ్వ వైపు మార్చి మార్చి చూశారు. అవ్వ లేచి నిలబడింది.

"ఎవురు పాపా ఆమె?"

"నువ్వే అవ్వా."

"నేనా? తలకాయలో ఏంది అది?"

"మల్లెపూలు."

"పురుగుల ఇంట్లోనా?"

నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఒకావిడ, "ఏమత్తా, మాకేమో పౌడరు గూడా పూసుకోవద్దంటివి, నువ్వు మూరెడు పూలు పెట్టుకోని పోతివే!" అంది. షెడ్డంతా గొల్లుమంది. అంతటితో పోయేదే, కానీ అదే సమయానికి గోడ మీది అవ్వ పురుగులకు ఆకు వేసింది. ఆ ఆకుల మీద నేను ఎంతో ముచ్చటపడి నీటి చుక్కలు మెరిపించాను. "తడి ఆకు ఏస్తాండానే నేను! పురుగులు సచ్చిపోవా?" అని అవ్వ కేకపెట్టి, ప్రొజెక్టరుకు అడ్డంగా వచ్చి నిలబడింది. మిగతా సినిమా అంతా అవ్వ వీపు మీద ఆడింది.

ఆ సాయంత్రం ఇంట్లో తీర్పు వచ్చింది. "ఆ బొమ్మ ఊరు దాటిందంటే నా మాట ఇంగెవురన్నా ఇంటారా? తడి ఆకేసే మనిషి మనకేం చెప్తుందంటారు. నా గొంతుండాది దాంట్లో. నాకిష్టంల్యా, పంపొద్దు." అవ్వ ఇష్టం లేకుండా ఆమె గొంతును పంపే ధైర్యం నాకు లేదు, ఆమె గొంతు తీసేస్తే సినిమాయే లేదు. నాయన మధ్యలో దూరి, "పది దినాలుండాది కదమ్మా, పూలు తీసేస్తుందిలే. పూలు పీకేదానికి ఎంతసేపు?" అన్నాడు. కంప్యూటరులో పూలను వేరే పొర మీద, అంటే లేయరు మీద గీసి ఉంటే నిజంగానే ఒక్క నొక్కుతో పోయేవి. కానీ మా ఇంటి కంప్యూటరు ముసలిది, పొరలు ఎక్కువైతే మొరాయించేది, అందుకని ఏ రోజు గీసినవి ఆ రోజే కలిపేసి పెట్టేదాన్ని. ఇప్పుడు ఒక్కో బొమ్మలో పూలు చెరిపి, కింద కొప్పు మళ్లీ గీయాలి. లెక్కపెడితే ఎనిమిది వందల పైచిలుకు బొమ్మలు తేలాయి. నేను గట్టిగా ఏడ్చాను. (అప్పట్లో నా ఏడుపు పక్క వీధికి కూడా వినబడేది.)

ఓనరన్న దగ్గర సెలవు తీసుకుని కూర్చున్నాను. మా అమ్మకు సినిమా పని తెలియదు, పంట పని తెలుసు. కాబట్టి నన్ను కూడా పంటలాగే చూసుకుంది. పురుగులకు మేత వేసే వేళలకే నాకు తిండి వచ్చేది. గది కిటికీకి గోనెపట్టా కట్టింది. ఎవరైనా పలకరించడానికొస్తే గడపలోనే ఆపి, "లోపల పని మీదుండాది, రావొద్దండి, మళ్ల రాండి" అనేది. మూడో రోజుకు చూస్తే గడప ముందు సున్నం కూడా చల్లి ఉంది! ఆ పది రోజులూ పప్పులో పోపు పెట్టలేదు. ఎందుకమ్మా, కంప్యూటరుకు వాసన తెలుస్తుందా అని అడిగితే, ఒక్క క్షణం ఆలోచించి, "ఏమో, ఎందుకైనా మంచిది" అంది. అవ్వ నా పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ప్రతి బొమ్మా తనిఖీ చేసేది. నీటి చుక్కలు పోయాయి, బుగ్గల గులాబీ రంగు పోయింది. ముడతల విషయంలో మాత్రం కాస్త బేరం జరిగింది, కళ్ల కింద రెండు తీసేస్తే అభ్యంతరం లేదని ఆమే అంది.

ఆరో రోజు అవ్వ తోటకు పోయిన సమయం చూసి తాత గదిలోకి వచ్చాడు. కాళ్లు కడుక్కునే వచ్చాడు. అవ్వ ముక్కాలిపీట మీద కూర్చుని, "అన్నీ తీసేసినావా పాపా?" అన్నాడు. తీసేశానన్నాను. "ఒక్క బొమ్మలోనన్నా ఉండనీకూడదా?" అన్నాడు. నేను ఆశ్చర్యంగా చూశాను. తాత పైపంచె సర్దుకుంటూ చెప్పాడు. "మా పెండ్లయిన కొత్తలో పెట్టుకునేది. షెడ్డు ఏసినంక పంట మీద పంట, పంట మీద పంట. మధ్యలో నాలుగు దినాలు ఖాళీ ఉన్నా కడిగేదానికే సరిపోతాది. నేను తెచ్చేది మర్చిపోతి, ఆమె అడిగేది మర్చిపోయ. మొన్న గోడ మీద చూస్తి కదా, ఎంత బాగుండాదో!" అని, నన్ను ఒప్పించడానికి, "మల్లెపూలొద్దులే, కనకాంబరాలు పెట్టు. వాటికి వాసనే ఉండదు గదా" అన్నాడు. తడి ఆకు తప్పు నాకు తెలియకపోవడం సరే, ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో తిని, పడుకుని, అవ్వ తలలో పూలుంటాయో లేదో కూడా నేను గమనించలేదు. లేని పూలు గీసింది ప్రేమతో కాదు, అలవాటుతో. అందుకు సిగ్గుపడ్డాను.

ఆఖరి రెండు రోజుల్లో చివరి సీను ఒకటి కొత్తగా గీసి అతికించాను. అది అవ్వకు చూపించలేదు. చూపిస్తే ఉంచనివ్వదని భయం. చూపకపోతే అందరి ముందూ ఏమంటుందోనని ఇంకా భయం. గడువు రోజు పొద్దున్నే పంపేసి, ఆ తర్వాత అన్నం కూడా సరిగ్గా తినలేదు. నా సినిమా కూడా ప్రదర్శిస్తున్నామని కబురొచ్చినప్పుడు సంతోషం కంటే దడే ఎక్కువ. గూళ్లు మార్కెట్టుకు తోలే టెంపోలోనే ఇంటిల్లిపాదీ పెనుకొండ మీదుగా ధర్మవరం బయల్దేరాము. దారిపొడుగునా అవ్వ, "పూలన్నీ తీసేసినావు గదా?" అని నాలుగుసార్లు అడిగింది. "పురుగుల ఇంట్లో ఒక్కటి కూడా లేదవ్వా" అని నాలుగుసార్లూ జాగ్రత్తగా చెప్పాను.

కాలేజీ హాల్లో రెండొందల మంది ఉన్నారు. సినిమా నడుస్తోంది. ఆకు పొడిగా ఉంది, కొప్పు ఖాళీగా ఉంది, అవ్వ ముఖం తృప్తిగా ఉంది. గూళ్లు ఏరారు, బస్తాలకెత్తారు, తాత వాటితో హిందూపురం పోయాడు. అవ్వ, అమ్మ షెడ్డు కడిగారు. ఆ తర్వాత నేను అతికించిన సీను వచ్చింది. తాత మార్కెట్టు నుంచి తిరిగొచ్చి, పైపంచె కొంగులోంచి కనకాంబరాల మాల తీసి, అటూ ఇటూ చూసి, అరుగు మీద కూర్చున్న అవ్వ కొప్పులో వంకరగా గుచ్చుతాడు. ఆరేళ్ల పిల్ల తలుపు సందులోంచి చూసి నవ్వుతుంది. అంతే సినిమా. నా పక్కన అవ్వ ముందుకు వంగింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"గూళ్లు మార్కెట్టుకు పోయినాయి గదా?" అని అవ్వ గొంతు. పొలంలో పిలిచినంత గట్టిగానే.

"పోయినాయవ్వా."

"షెడ్డు కడిగినారా?"

"కడిగినారు. ఇంతకుముందే చూస్తివి కదా."

"అట్లయితే సరే, పెట్టుకోవచ్చు" అంది.

రెండొందల మందీ ఒక్కసారిగా నవ్వారు, ఆ నవ్వు చప్పట్లయింది. అవతల పక్క తాత ముఖానికి పైపంచె అడ్డం పెట్టుకుని, ఫ్యాను గాలికి కళ్లు మండుతున్నాయని ఎవరూ అడగకుండానే చెప్పాడు. ఆ చప్పట్లు నా గీతలకు కొంత, అవ్వకు ఎక్కువ అని నాకు తెలుసు. అయినా అంతగా మళ్లీ ఎప్పుడూ గర్వపడలేదు. దాని తర్వాత చాలా చోట్ల నా సినిమాలు వేశారు, చాలామంది చాలా మాటలన్నారు, "సరే" అన్నది మా అవ్వ ఒక్కతే.

నెల తిరక్కుండానే బెంగళూరు నుంచి ఫోనొచ్చింది, పావురాలు నన్ను వదిలేశాయి. ఇప్పటికీ ఈ పనే చేస్తున్నాను. తాత పోయి మూడేళ్లయింది. నేను ఊరికి పోయినప్పుడల్లా అవ్వ ఫోను చేతిలో పెట్టి, "ఆ ఆఖర్ది పెట్టు పాపా" అంటుంది. పెడతాను. చూస్తుంటే నాకు నవ్వొస్తుంది, ఎంత ధీమాగా, ఎంత అధ్వాన్నంగా గీసిందో ఆ ఇరవై రెండేళ్ల పిల్ల! పూలు గుచ్చే తాత చేతివేళ్లు బెండకాయల్లా ఉంటాయి, ఒకటి రెండు చోట్ల బొటనవేలు ఎటు పోయిందో కూడా తెలియదు. ఇప్పుడైతే చేతులు బాగా గీస్తాను, ఒక్క పూటలో సరిచేసి ఇస్తానవ్వా అని మొన్న అన్నాను. ఎనిమిది వందల బొమ్మలు పక్కన కూర్చుని తిరగ గీయించిన మనిషి, ఫోను గుండెకు ఆనించుకుని, "దాన్ని ముట్టొద్దు, అట్నే ఉండనీ" అంది.